శంతే తాత అడగని ప్రశ్న

"గోడకేమన్నా దెబ్బ తగిలిందా?"

లాకప్ కడ్డీల అవతల కూర్చున్న శంతే తాత మళ్ళీ అదే అడిగాడు. సార్జెంట్ సోమోయె నోటు పుస్తకం తెరిచింది. బెంచీని కడ్డీల దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"గోడ సంగతి తరవాత చూద్దాం తాతా. నిన్న దీవికి ఎవరెవర్ని తీసుకెళ్ళావో చెప్పు."

"డెన్మార్క్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళామూ. దార్ పట్నం నుంచి వచ్చిన ఆ ఫారూక్ అనే ఆయన."

"ఏమేం చూపించావు?"

"కోట, పెద్ద మసీదు, సుల్తాను మహలు, ఆఖర్న పెద్దమ్మ సమాధి."

అంతటితో నోరు మూసుకున్నాడు. సోమోయెకి ఆ మౌనమే వింతగా ఉంది. ఈ మనిషి ముప్పై ఏళ్ళుగా కిల్వాకి వచ్చేవాళ్ళని పడవెక్కించుకుని దీవిలోని శిథిలాలు చూపిస్తున్నాడు. ఏ రాయి దగ్గర ఆగినా అరగంటకి తక్కువ మాట్లాడడు. ఒకరికి చెప్పిన కథ ఇంకొకరికి చెప్పడు. సోమోయె తొమ్మిదేళ్ళప్పుడు బడిపిల్లలతో కలిసి వెళ్ళి సుల్తాను మహల్లోని ఎండిపోయిన స్నానాల కొలనులో పడితే, ఆయనే భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. ఆ తరవాత చాలా ఏళ్ళపాటు వచ్చినవాళ్ళందరికీ "సుల్తాను కూతురు జారిపడింది ఇక్కడే" అని చెప్పేవాడు. తన మోకాలి మీది మచ్చ చూసుకున్నప్పుడల్లా సోమోయెకి ఆ సుల్తాను కూతురు గుర్తొస్తుంది.

"ముగ్గురూ కలిసే తిరిగొచ్చారా?"

"లేదు. డెన్మార్క్ వాళ్ళు ఎండకి తాళలేక ముందే వచ్చేశారు. ఫారూక్ ఫోటోలు తీసుకోవాలన్నాడు. చీకటి పడ్డాక మళ్ళీ వెళ్ళి ఎక్కించుకొచ్చాను."

"అప్పుడు ఆయన చేతిలో ఏముంది?"

"సంచి. అందరికీ ఉంటుంది సంచి."

"నువ్వు మళ్ళీ సమాధి దగ్గరికి వెళ్ళావా?"

"నేనెందుకు వెళ్తాను? రేవులోనే కూర్చున్నాను. ఇంతకీ చెప్పవేం పిల్లా, గోడ బాగానే ఉందా?"

వెనక బూట్ల చప్పుడైంది. దార్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కిమారో చేతిలో టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డాడు. పాత వస్తువులు దొంగిలించి దేశం దాటించేవాళ్ళ కోసం నెలరోజులుగా ఆయన తీరమంతా గాలిస్తున్నాడు. కిలిమంజారో వాలులో పుట్టిన మనిషి. సముద్రమంటే భయం, తీపంటే ప్రాణం. గ్లాసులో చెంచా తిప్పితే అడుగున పంచదార కరకరలాడుతోంది.

"బాగా మాట్లాడుకున్నారా, తాతా మనవరాలూ?"

"అడగాల్సినవి అడుగుతున్నాను సార్."

"అడగడానికి ఇంకేముంది? ఈయన పడవలో తాపీ దొరికింది, సున్నం సంచి దొరికింది. సమాధి గోడలోంచి గిన్నె ఎలా ఊడదియ్యాలో ఈయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సాయంత్రం అసర్ నమాజు కాగానే లిండీ జైలుకి జీపు వెళ్తుంది. అందులో ఈయన్ని ఎక్కిస్తున్నాను."

"అప్పటిదాకా టైముంది కదా సార్. నేను దీవికి వెళ్ళొస్తాను."

"నేనూ వస్తాను. మీ తీరంవాళ్ళు ఒక్కళ్ళే వెళ్తే పని మర్చిపోయి కొబ్బరిబొండాలు తాగుతూ కూర్చుంటారు."

"మీ కొండవాళ్ళు పడవ ఎక్కితే కళ్ళు మూసుకుని కూర్చుంటారు. దారి మేమే చూసుకోవాలి."

శంతే తాత కడ్డీల వెనక నుంచి పెదాల చివర నవ్వాడు. ఆ పొద్దు ఆయన నవ్వడం అదొక్కసారే.

* * *

కిమారో నిజంగానే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. దీవి రేవులో కాలు పెట్టాక గాని తెరవలేదు. తెరిచాక మాత్రం సోమోయె కన్నా ముందే సమాధి దగ్గరికి చేరాడు.

పగడపు రాతితో కట్టిన నాలుగు గోడల ఆవరణ అది. పైకప్పు లేదు. లోపల పడుకున్న ఆమె ఏ సుల్తానుకి ఏమవుతుందో ఎవరికీ తెలియదు. దీవిలో అందరూ పెద్దమ్మ అంటారు. తలవైపు గోడలో, మనిషి కంటి ఎత్తులో, నీలిపువ్వు ఉన్న చైనా పింగాణీ గిన్నె ఒకటి లోపలి భాగం బయటికి కనిపించేలా పొదిగి ఉండేది. ఆరువందల ఏళ్ళనాటిదని చెబుతారు. ఇప్పుడు అక్కడ పన్ను ఊడిన చోటులా గుండ్రటి గుంట ఉంది. పొద్దున్న మేకలు తోలుకెళ్తున్న ఆడవాళ్ళు చూసి కబురు పంపారు.

సోమోయె గడప బయటే ఆగి చెప్పులు విప్పబోయి, వంగినదల్లా అలాగే ఉండిపోయింది.

"సార్, ఒక్క అడుగు పక్కకి వేస్తారా? మీరు సాక్ష్యం మీద నిలబడ్డారు."

కిమారో కిందికి చూసుకున్నాడు. గడప బయట పెట్టిన బూటు పక్కన దుమ్ములో రెండు అచ్చులున్నాయి. నున్నటి అడుగు, చిన్న మడమ. పక్కపక్కనే, సమానంగా, ఎవరో వాటిని చేత్తో సర్ది పెట్టినట్టున్నాయి. అక్కడినించి లోపలికి వెళ్ళినవి ఉత్తికాళ్ళ ముద్రలు.

"ఎవరో బూట్లు విప్పి లోపలికి వెళ్ళారు. అంతేగా? చూడ్డానికి వచ్చినవాళ్ళు వంద మంది ఉంటారు."

"చూడ్డానికి వచ్చినవాళ్ళు విప్పరు సార్. మీరు విప్పారా? డెన్మార్క్ వాళ్ళ బూట్లు పొద్దున్న చూశాను, అడుగున మేకు తలల్లా గుబ్బలున్నాయి. శంతే తాతవి టైరు చెప్పులు. ఇవి పట్నం బూట్లు. ఇక్కడ కాలు పెట్టేముందు విప్పాలని తెలిసిన మనిషివి."

కిమారో తన బూట్లకేసి చూసుకున్నాడు. తరవాత గడప బయటికి వచ్చి నిలబడ్డాడు.

సోమోయె లోపలికి వెళ్ళి గుంట దగ్గర ముఖం పెట్టి చూసింది. ఉలి చాలా నెమ్మదిగా నడిచింది. సున్నం మాత్రమే తెగింది గాని, రాయి ఎక్కడా పెచ్చు లేవలేదు. గోడ బాగానే ఉంది తాతా, అనుకుంది మనసులో. రాలిన సున్నపు పొడిని కూడా దొంగ ఒక మూలకి ఊడ్చిపెట్టాడు. ఆ పొడి పక్కన సగం కొబ్బరిచిప్పలో బూడిద ఉంది. వేలితో ముట్టుకుని వాసన చూసింది.

"సాంబ్రాణి."

"ఆడవాళ్ళు వేస్తుంటారటగా."

"గురువారం వేస్తారు. ఇవాళ బుధవారం. వారం కిందటిదైతే ఈ గాలికి ఇంత బూడిద మిగలదు."

"దొంగతనం చెయ్యడానికి వచ్చినవాడు సాంబ్రాణి వేసి, బూట్లు విప్పి, నేల ఊడ్చి వెళ్ళాడంటారు. ఇంత భక్తిగల దొంగని నా సర్వీసులో చూడలేదు."

"మీకు మావాళ్ళు పరిచయం కాలేదు సార్. మావైపు దొంగైతే ఇలాగే చేస్తాడు. తియ్యబోయే ముందు క్షమించమని అడుగుతాడు."

"అయితే శంతే కూడా మీవాడే."

సోమోయె బూడిద వేలు తుడుచుకుని తల ఎత్తింది. ఆవరణ వెనక గోడకి అవతల పొగ లేస్తోంది. ముందునించి చూస్తే అక్కడ ఇల్లున్నట్టే తెలియదు. కొబ్బరాకుల కప్పు గోడ ఎత్తుకి సరిగ్గా కిందే ఆగిపోయింది.

"ఆ ఇంట్లో ఉండే పిలీ అవ్వని అడిగారా?"

"ఆ ముసలావిడకి చెవుడు. పొద్దున్న వెళ్ళాను. ఎన్ని అడిగినా గోడకేసి చూస్తూ కూర్చుంది."

"లోపలికి వెళ్ళేముందు హోడీ అన్నారా?"

"తలుపు తెరిచే ఉందిగా."

"తెరిచుంటే ఇంకా గట్టిగా అనాలి సార్. హోడీ అని పిలవాలి. లోపలినుంచి కరీబు అంటేనే కాలు పెట్టాలి. మూడుసార్లు పిలిచినా అనకపోతే తిరిగి వెళ్ళిపోవాలి. పిలవకుండా జొరబడినవాడు మనిషి కింద లెక్క కాదు. మీరు ఆమెకి కనపడి ఉండరు, అంతే."

కిమారో జేబులోంచి సంచి తీసి కొబ్బరిచిప్పని అందులోకి జారుస్తూ, "వెళ్ళండి, వెళ్ళి కనపడి రండి" అన్నాడు.

* * *

"హోడీ."

"కరీబు, కరీబు. ఎవరమ్మా, సోమోయెవా? రా తల్లీ. చిక్కిపోయావేం? ఆ స్టేషన్లో తిండి పెట్టరా?"

పిలీ అవ్వకి చెవుడు లేదు సరికదా, అడుగుల చప్పుడుని బట్టే మనిషిని పోల్చగలదు. ఎనభై దాటాయి. మోకాళ్ళు మాత్రం మాట వినడం మానేశాయి. సోమోయె కూర్చునేలోపే పొయ్యి మీంచి కొబ్బరిపాల పొంగడాలు తీసి, నీలి గిన్నెలో పోగు పోసి ముందుకు తోసింది. రేకు మగ్గులో అల్లం టీ పోసింది.

"అవ్వా, పనిమీద వచ్చాను."

"తిని చేసుకో పని. గిన్నె అడుగున పువ్వు కనపడాలి. అప్పటిదాకా లేవనివ్వను."

ఆమె ఇంట్లో అది మామూలే. సోమోయె గిన్నెని ఎడమచేత్తో పట్టుకుని తినడం మొదలుపెట్టింది. గిన్నె బయటివైపు వేళ్ళకి గరుగ్గా తగిలింది. పాపం కళ్ళు సరిగ్గా ఆనక తోమలేకపోతోంది కాబోలు, వెళ్ళేటప్పుడు తనే కడిగిపెట్టాలి అనుకుంది.

"నిన్న సాయంత్రం ఇటువైపు ఎవరన్నా వచ్చారా?"

పిలీ అవ్వ మొహం ముడుచుకుంది.

"దాని గురించే ఒళ్ళు మండుతోంది. పొద్దు గుంకే వేళ ఎవరో హోడీ అన్నారు. పొయ్యి ఊదుకుంటూ సరిగ్గా వినిపించుకోలేదు. మళ్ళీ అన్నారు. నోట్లో ఊదుగొట్టం ఉంటే ఎట్లా పలుకుతాను? మూడోసారి అన్నప్పుడు గట్టిగా కరీబు అన్నాను. మోకాళ్ళు పట్టుకుని లేచి, టీ పెట్టి, చాప దులిపి వేశాను. ఎవరూ రాలేదు."

"శంతే తాతేమో."

"శంతే గొంతు నాకు తెలియదూ? వాడు హోడీ కూడా పాటలాగా పాడతాడు. ఇది పరాయి గొంతు. కొంచెం భయపడుతున్న గొంతు. పిలిచిన మనిషి లోపలికి రాకుండా పోవడమేమిటి చెప్పు? టీ అంతా నేనే తాగాల్సొచ్చింది. రాత్రంతా నిద్రపట్టలేదు."

"ఆ పిలుపు ఎటువైపు నుంచి వచ్చింది?"

పిలీ అవ్వ చెయ్యి ఎత్తి వాకిలి వైపు చూపించబోయింది. సగంలో ఆగి ఆలోచించి, చేతిని వెనక గోడవైపు తిప్పింది. ఆ గోడకి అవతల సమాధి ఉంది.

సోమోయె నమలడం ఆపేసింది. దొంగ హోడీ అన్నది ఈ ఇంటి ముందు కాదు. పెద్దమ్మ గడప ముందు నిలబడి అన్నాడు. అతనికి లోపలినుంచి జవాబు కూడా వచ్చింది.

ఖాళీ అయిన గిన్నె అడుగున నీలిపువ్వు కనపడింది. కడిగిపెట్టబోతే పిలీ అవ్వ చేతిలోంచి లాక్కుంది.

"అది నేను కడుక్కుంటాను. నీ చేతులకి జోరెక్కువ."

* * *

ఊళ్ళో అతిథిగృహం వసారాలో ఫారూక్ పేపరు చదువుకుంటున్నాడు. నలభై ఐదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెరిసే నల్లబూట్లు. ఆ బూట్ల మడమ చిన్నది. సోమోయె మెట్టు కింద ఆగి, "హోడీ" అంది.

"కరీబు" అన్నాడతను, పేపర్లోంచి తల ఎత్తకుండానే. ఎత్తాక ఇద్దరు పోలీసుల్ని చూసి లేచి కుర్చీలు జరిపాడు. టీ తెప్పించాడు. కిమారో తన గ్లాసులో పంచదార వేసుకుంటూ ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"డెన్మార్క్ వాళ్ళు వెళ్ళిపోయాక మీరు ఎక్కడున్నారు?"

"కోటలో. సాయంత్రపు ఎండ ఆ గోడల మీద బాగా పడుతుంది. ఫోటోలు చూపించమంటారా?"

"సమాధి దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదా?"

"గైడుతో కలిసి ఒకసారి చూశాను. సమాధులంటే నాకంత ఆసక్తి లేదు. నిజం చెప్పాలంటే మీ ఆచారాలేవీ నాకు తెలియవు. నా ఎనిమిదో ఏటే మావాళ్ళు మస్కట్ వెళ్ళిపోయారు."

కిమారో సోమోయె వైపు చూశాడు. ఇంక నువ్వేమన్నా అడుగుతావా అన్నట్టుంది ఆ చూపు. సోమోయె ఏమీ అడగలేదు. టీ చల్లార్చుకుంటూ కిమారోతో కబురు చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"పాపం, పిలీ అవ్వకి నిన్న ఎంత కష్టమొచ్చిందో తెలుసా సార్? పొద్దు గుంకే వేళ ఎవరో హోడీ అన్నారట. వంటింట్లోంచి కరీబు అందట. అంత నొప్పి మోకాళ్ళతో లేచి టీ కాచి, చాప వేసి కూర్చుంటే, ఆ మనిషి రానే లేదట. ఇంత మర్యాద లేని మనిషిని జన్మలో చూడలేదని తిట్టిపోస్తోంది."

ఫారూక్ గ్లాసు పెదవుల దగ్గర ఆగింది.

"ఏ అవ్వ?"

"ఆ దీవిలోనే ఉంటుంది లెండి. సమాధి వెనక ఇల్లు."

"సమాధి వెనక ఇల్లు లేదే."

"ఉంది. గోడకి ఆనుకునే ఉంది. కప్పు కిందికి ఉంటుంది కాబట్టి ముందునించి కనపడదు. గాలి సముద్రం మీంచి వచ్చేటప్పుడు ఆమె దగ్గితే సమాధిలోంచి దగ్గినట్టే ఉంటుంది. చిన్నప్పుడు మేము హడలిపోయేవాళ్ళం."

ఫారూక్ గ్లాసు కింద పెట్టాడు. అది పళ్ళెం మీద సరిగ్గా నిలబడక పక్కకి ఒరిగి, టీ అంతా బల్ల మీదికి పారింది. అతను దాన్ని తుడవలేదు.

"అయితే నాతో అన్నది..." అని ఆగిపోయాడు.

 కిమారో చెంచా తిప్పడం ఆపాడు.

"పెద్దమ్మ కాదన్నమాట" అన్నాడు ఫారూక్. గొంతు చిన్నపిల్లవాడిలా అయిపోయింది. "మూడుసార్లు పిలిచాను. జవాబు రాకపోతే తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. నమ్మండి, నిజంగా అలాగే అనుకున్నాను. మా నానమ్మ ఈ ఊరిదే. పెద్దవాళ్ళ గడప దగ్గర అలా పిలవకుండా కాలు పెట్టకూడదని నేర్పింది ఆవిడే. మూడోసారికి కరీబు అని వినపడింది. నానమ్మ గొంతులాగే ఉంది. ఇంక అనుమతి దొరికిందనుకున్నాను."

"ఆమె రమ్మన్నది నీకు టీ పొయ్యడానికి" అంది సోమోయె.

ఫారూక్ లేచి గదిలోకి వెళ్ళాడు. కిమారో వెంటే నడిచాడు. మంచం కింది పెట్టెలోంచి చారల లుంగీలో చుట్టిన మూట తీసి బల్ల మీద పెట్టారు. దార్‌లో కొనేవాడు ఎదురుచూస్తున్నాడనీ, వాడి పేరూ చిరునామా అన్నీ చెబుతాననీ ఫారూక్ అన్నాడు. అతనికి ఇప్పుడు కావలసింది ఒక్కటే. ఆ ముసలావిడకి తన తరఫున ఎవరన్నా క్షమాపణ చెప్పాలి.

సోమోయె ఫోన్ చేతిలోకి తీసుకుంది. జీపులో శంతే తాత ఎక్కనక్కర్లేదు. మధ్యాహ్నం భోజనానికి తాతని తన ఇంటికే తీసుకెళ్ళాలి. చేపల కూర వండమని అమ్మకి ఇప్పుడే ఫోన్ చెయ్యాలి.

"ఒక్క నిమిషం సార్జెంట్."

కిమారో మూట విప్పాడు. గిన్నె లోపల నీలిపువ్వు ఉంది. అడుగుభాగానికి సున్నం గడ్డకట్టుకుని ఉంది. ఆయన జేబులోంచి సమాధి గోడలోని గిన్నె పాత ఫోటో తీసి పక్కన పెట్టాడు. ఒకసారి ఫోటోనీ ఒకసారి గిన్నెనీ చూశాడు.

"ఫోటోలో ఎడమవైపు రేకు మీద సన్నటి గీత ఉంది. దీని మీద లేదు."

పళ్ళెంలోని చెంచా తీసి సున్నం గీకాడు. పెళ్ళలు పెళ్ళలుగా ఊడొచ్చింది. కింద తెల్లటి పింగాణీ బయటపడింది. దాని మధ్యలో చిన్న గుర్తు అచ్చు వేసి ఉంది. చతురస్రం, అందులో మూడు అలలు.

ముగ్గురూ వంగి చూశారు.

"సార్" అంది సోమోయె. "ఇది మైక్రోవేవ్‌లో పెట్టొచ్చని చెప్పే గుర్తు."

ఫారూక్ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఏడుపులోకి ఎప్పుడు దిగిందో చూడటానికి కిమారోకి తీరిక లేదు. ఆయన గిన్నెని మళ్ళీ లుంగీలో చుట్టాడు.

"తాపీ ఎవరి పడవలో దొరికింది సార్జెంట్? సున్నం ఎవరిది?"

సోమోయె ఫోన్ జేబులో పెట్టేసింది.

"అసలు గిన్నె ఎప్పుడో పోయింది. దాని చోట సంతలో కొన్న గిన్నె పెట్టి, సున్నం పూసి, వచ్చినవాళ్ళందరికీ ఆరువందల ఏళ్ళనాటిదని చెబుతున్నాడు మీ తాత. ఈ ఫారూక్ ఒక ఉత్త గిన్నె ఎత్తుకుపోయాడు. అసలుది అమ్ముకున్నవాడు మీ లాకప్‌లో కూర్చున్నాడు. జీపు ఇంక లిండీకి కాదు. నేరుగా దార్‌కే."

"ఆయన అమ్మలేదు సార్."

"ఎలా తెలుసు?"

"ఆయన చెప్పులు టైరువి. వాటికి పిన్నీసు పెట్టుకుని నడుస్తున్నాడు. అమ్మినవాడు అలా ఉంటాడా?"

"అది సాక్ష్యం కాదు, జాలి. ఆ గోడ దగ్గర ఎవరు తాపీ పట్టారో వెనకింటి ముసలావిడకి తెలియకుండా ఉండదు. నేనే వెళ్ళి అడిగొస్తాను." ఆయన మెట్లు దిగుతూ వెనక్కి తిరిగాడు. గెలిచిన మనిషి కాబట్టి గొంతులో కోపం లేదు, కొంచెం స్నేహం కూడా ఉంది. "కంగారుపడకండి. ఈసారి బూట్లు విప్పుతాను. హోడీ అంటాను. మీరు నేర్పిన మాటేగా."

* * *

ఫారూక్‌ని కానిస్టేబుల్‌కి అప్పగించి సోమోయె లాకప్ దగ్గరికి వచ్చేసరికి శంతే తాత గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. ఆమె బెంచీ మీద కూర్చోలేదు. కడ్డీలు పట్టుకుని నిలబడింది.

"తాతా. పొద్దున్న గిన్నె పోయిందని చెప్పాను. గోడ ఎలా ఉందని అడిగావు. మళ్ళీ మళ్ళీ గోడ గురించే అడిగావు. గిన్నె దొరికిందా అని ఒక్కసారి కూడా అడగలేదు."

ఆయన కళ్ళు తెరిచాడు.

"పోయింది ఉత్త గిన్నె అని నీకు తెలుసు."

"దొరికిందా అయితే?"

"దొరికింది. అడుగున మూడు అలల గుర్తుతో సహా."

"సున్నం దట్టంగానే పూశానే" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. తరవాత నెమ్మదిగా కడ్డీల దగ్గరికి జరిగాడు. "ఆ పెద్ద వానలు కురిసిన ఏడాది గోడ నాని గిన్నె కదిలిపోయింది. ఏ పూటకి ఊడిపడుతుందో తెలియదు. వచ్చిన అధికార్లందరికీ చూపించాను. అందరూ తల ఊపారు, ఫోటో దిగారు, వెళ్ళిపోయారు. నేనే తీశాను. రెండో గిన్నె పెట్టాను. లేకపోతే అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు గుంటని చూసి వెళ్ళాలిగా."

"అసలుది ఎక్కడుంది? ఇప్పుడు చెబితే నేనే తెచ్చి అప్పగిస్తాను. నిన్ను జీపెక్కించకుండా చూస్తాను."

"నేను ఎక్కుతాను ఫరవాలేదు. ఆ ఇంటి మనిషిని ఎక్కించకూడదు. దొంగసొత్తు దాచిందంటారు. ఆ మోకాళ్ళతో జైల్లో కింద కూర్చోగలదా?"

మోకాళ్ళు అన్న మాట వినగానే సోమోయెకి అది ఎవరి ఇల్లో తెలిసింది.

"దీవిలో ఏమన్నా తిన్నావా పొద్దున్న?" అన్నాడు శంతే తాత, ఆమె మొహంకేసి చూస్తూ.

"పొంగడాలు."

"దేన్లో పెట్టింది?"

ఆమె ఎడమచేతి వేళ్ళు ఒకదానికొకటి రాసుకున్నాయి. ఆ గరుకు ఇంకా వేళ్ళమీదే ఉన్నట్టుంది. తోమక మిగిలిన మడ్డి కాదది. ఆరువందల ఏళ్ళ సున్నం. అడుగున కనపడిన పువ్వుని గుర్తుచేసుకుంది. ఎడమవైపు రేకు మీద సన్నటి గీత, ఆ గీతలో ఇంకిపోయిన కొబ్బరిపాలు.

"ఆమెకి తెలుసా, అదేమిటో?"

"తెలియదు. మంచి గిన్నె, పెట్టెలో దాచు అని ఇచ్చాను. ఇంటికొచ్చినవాళ్ళకి తియ్యకపోతే ఇంక మంచి గిన్నె ఎందుకంది. ఎంత చెప్పినా వినలేదు. ఎంత దూరం నుంచి వచ్చిన మనిషైతే అంత ముందు ఆ గిన్నె తీస్తుంది." ఆయన గొంతు తగ్గించాడు. "పద, నువ్వు వెళ్ళి తెచ్చెయ్యి. ఆ కొండాయనకి తెలిసేలోపు."

సోమోయె కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కడినుంచి రేవు, దాని అవతల నీళ్ళు, ఆ నీళ్ళ మీద దీవికి సగం దాటిపోయిన తెల్లటి తెరచాప కనపడ్డాయి. పడవ మధ్యలో ఒక మనిషి నిటారుగా, కళ్ళు మూసుకున్నట్టు కదలకుండా కూర్చున్నాడు. ఆయన జేబులో ఫోటో ఉంది.

ఆమె కిటికీ దగ్గరే ఆగిపోవడం చూసి, కొండాయన అప్పటికే బయల్దేరాడని శంతే తాతకి అర్థమైంది.

"పొద్దున్న ఆయన వెళ్తే గోడకేసి చూస్తూ కూర్చుందని కానిస్టేబుల్ చెప్పాడు. మళ్ళీ అలాగే చూస్తుంది. ఆయనకి హోడీ అనడం తెలియదుగా?"

"నేర్పాను తాతా."

 శంతే తాత ఆఖరి ఆశగా ఇంకొక్కటి అడిగాడు.

"ఆయన తీపి తింటాడా?"

సోమోయె అప్పటికే గుమ్మం దాటి రేవు వైపు పరుగెత్తుతోంది. జవాబు కానిస్టేబుల్ చెప్పాడు, టీ గ్లాసు అడుగున గడ్డకట్టిన పంచదార చూపిస్తూ.

"అయితే పువ్వు కనపడేదాకా తింటాడు" అన్నాడు శంతే తాత, తల కడ్డీలకి ఆనించి.